ఆ నలభై నిమిషాల ఖరీదు

మా అబ్బాయికి ఉన్నది టూరెట్ సిండ్రోమ్ (తన ప్రమేయం లేకుండానే కొన్ని కదలికలు, శబ్దాలు పదేపదే వచ్చే జబ్బు) అని న్యూరాలజిస్టు చెప్పేనాటికి వాడికి ఎనిమిదేళ్లు నిండాయి. అంతకుముందు రెండేళ్లపాటు, వాడు అదేపనిగా కళ్లు ఆర్పుతుంటే చూపు పరీక్ష చేయించాం, గొంతు సవరిస్తుంటే అలర్జీ మందులు వాడాం, భుజం ఎగరేస్తుంటే మా అత్తగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. తెలియక చేసిన వాటికి ఎవరినీ తప్పుపట్టను. జబ్బు పేరు తెలిశాక కూడా బడిలో, పెళ్లిళ్లలో, బస్సులో "కాస్త ఆపరా" అనేవాళ్లతోనే నా పేచీ.

"నా పీరియడ్ నలభై నిమిషాలూ బుద్ధిగానే కూర్చున్నాడు, కాబట్టి మిగతా చోట్ల కావాలనే చేస్తున్నాడు" అని ఒక టీచరుగారు డైరీలో రాసి పంపారు. ఆ సాయంత్రం వాడు బూట్లయినా విప్పకుండా గదిలోకి వెళ్లి, దిండులో ముఖం దాచుకుని, పగలంతా బిగబట్టిన శబ్దాలన్నీ ఒక్కసారిగా వదిలాడు. మెడ నొప్పికి అన్నం కూడా సరిగా తినలేదు. "మెడలో చీమ పాకినట్టుంటుందమ్మా, తల విదిలిస్తేనే పోతుంది" అన్నాడు. కాసేపు ఆపుకోగలగడానికీ, అది తన చేతిలో ఉండటానికీ మధ్య ఎంత దూరముందో ఆ డైరీ రాసినవారు చూడలేదు.

ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ ఈ జబ్బు ఉన్న తొమ్మిది మంది రోగుల గురించి 1885లోనే రాశాడు. ఇది నాడీ వ్యవస్థకు సంబంధించినదే తప్ప పెంపకంలో లోపం కాదు. బూతులు వాగడమే ఈ జబ్బు అనుకునేవారున్నారు గాని, ఆ లక్షణం కొద్దిమందిలోనే ఉంటుంది. ఈ జబ్బు సాధారణంగా పది, పన్నెండేళ్ల మధ్య ఉద్ధృతమై, చాలామందిలో యుక్తవయసు చివరికి తగ్గుముఖం పడుతుంది.

సైకాలజిస్టు వాడికి నేర్పుతున్నది అలా బిగబట్టడం కాదు, వేరు: చీమ పాకుతున్నట్టు అనిపించగానే గడ్డం కొద్దిగా కిందికి దించి, మెడను కదలకుండా నిలిపి, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. అది వాడు తన కోసం చేసుకునే సాధన, మన చెవులు నొచ్చుకోకుండా ఉండటానికి కాదు. అలసిపోయిన రోజున అదీ కుదరదు, కుదరనప్పుడు ఎవరూ కోప్పడకూడదు. ఇంట్లో మేము ఆ శబ్దాలను పట్టించుకోకుండా మాట కొనసాగిస్తాం; మా అత్తగారు అందరికంటే ముందు నేర్చుకున్నారు.

ఈ ఏడాది వచ్చిన టీచరుగారు వాడిని తలుపు పక్క బల్ల మీద కూర్చోబెట్టి, అడగకుండానే బయటికి వెళ్లిరావచ్చని చెప్పారు. ఇప్పుడు వాడు వరండా చివరిదాకా వెళ్లి, మంచినీళ్లు తాగి, తిరిగొచ్చి లెక్క పూర్తి చేస్తున్నాడు. అర్ధసంవత్సర పరీక్షలకు వేరే గది ఇవ్వమని యాజమాన్యానికి ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు, సోమవారం మళ్లీ వెళ్లి అడుగుతాను.