బోక్నర్ 1929లో నిజంగా ఏం నిరూపించాడు?

"అవకలన సమీకరణానికి ఐగన్ ఫంక్షన్లయ్యే లంబ బహుపదులు మూడే కుటుంబాలు: హెర్మైట్, లగేర్, జాకోబీ. ఆ సంగతి బోక్నర్ 1929లోనే తేల్చేశాడు, ఇక వెతకడానికేం లేదు." బోక్నర్ అనే గణితవేత్త గురించి ఎమ్మెస్సీ నోట్సుల్లో పాతుకుపోయిన మాట ఇది. (ఐగన్ ఫంక్షన్ అంటే సమీకరణంలో పెడితే ఒక స్థిరాంకంతో గుణించి తనే తిరిగొచ్చేది. లంబం అంటే ఏ రెండింటి లబ్ధాన్నైనా భారం అనే ఒక ఫంక్షన్‌తో గుణించి సమాకలనం చేస్తే సున్నా రావడం.) ఇందులో సంవత్సరం ఒక్కటే సరిగ్గా ఉంది.

మొదట "మూడే" అన్న సంగతి. అసలు బోక్నర్ ప్రశ్నలో లంబత్వం ఊసే లేదు. ఒక రెండో ఆర్డర్ (రెండో అవకలజం దాకా ఉండే) సమీకరణానికి 0, 1, 2... ఇలా ప్రతి డిగ్రీలోనూ ఒక బహుపది ఐగన్ ఫంక్షన్ కావాలంటే ఆ సమీకరణం ఎలా ఉండాలని అడిగాడంతే. ఒకటో డిగ్రీ బహుపదిని అందులో పెడితే మొదటి అవకలజం గుణకం డిగ్రీ 1 దాటదని తెలుస్తుంది. రెండో డిగ్రీది పెడితే రెండో అవకలజం గుణకం డిగ్రీ 2 దాటదు. క్షీణ సందర్భాలు వదిలేస్తే, ఈ గుణకం స్థిరాంకమైతే హెర్మైట్, ఒకటో డిగ్రీదైతే లగేర్, రెండు వేర్వేరు మూలాలుంటే జాకోబీ. మరి రెండు మూలాలూ ఒకటే అయితే? బెసెల్ బహుపదులొస్తాయి. క్రాల్, ఫ్రింక్ 1949లో వీటిని ప్రత్యేకంగా పరిశీలించారు. వాస్తవ రేఖ మీద వీటికి ధన భారం లేదు కాబట్టి జాబితాలోంచి తీసేస్తారు. తీసేయండి, కానీ ఆ షరతు పైకి చెప్పి తీసేయండి.

"అవకలన సమీకరణం" అని ఊరికే అనడం ఇంకా పెద్ద తప్పు. బోక్నర్ లెక్క రెండో ఆర్డర్‌కే. −1 నుంచి 1 దాకా అంతటా ఒకటే ఉండే లెజాండ్ర్ భారానికి రెండు కొసల్లోనూ సమానమైన బిందు భారాలు (ఒక్క బిందువు దగ్గరే పోగైన బరువు) తగిలిస్తే వచ్చే బహుపదులు నాలుగో ఆర్డర్ సమీకరణాన్ని పాటిస్తాయి. నాలుగో ఆర్డర్ వర్గీకరణను క్రాల్ 1940లో ఇచ్చాడు. కొసల్లో బరువులు వేర్వేరైతే నాలుగు చాలదు, ఆరు కావాలి. అది లిటిల్‌జాన్ 1982లో చూపించాడు.

ఇక "వెతకడానికేం లేదు". పై నిరూపణలో ప్రతి డిగ్రీకీ బహుపది ఉందని ముందే ఒప్పుకున్నాం. 2009లో గోమెస్-ఉయాతే, కమ్రాన్, మిల్సన్ ఆ ఒప్పందాన్నే సడలించారు. వాళ్ల లగేర్ కుటుంబాల్లో ఒకదాంట్లో స్థిరాంకమే ఉండదు. మొదటిది ఎక్స్ + 2, తర్వాతది ఎక్స్² − 3. సమీకరణం రెండో ఆర్డర్‌దే, కాకపోతే గుణకాల్లో హారంగా ఎక్స్ + 1 వస్తుంది. అది సున్నా అయ్యేది −1 దగ్గర, మన అంతరం 0 నుంచి అనంతం దాకా కాబట్టి పేచీ లేదు. ధన భారం ఉంది, డిగ్రీ 0 లేకపోయినా కుటుంబం సంపూర్ణమే, అంటే ఆ అంతరం మీది ఫంక్షన్లను దీంతోనే కట్టొచ్చు. ఇలాంటివన్నీ పాత కుటుంబాల నుంచి పరిమిత సంఖ్యలో డార్బూ పరివర్తనలతో (సమీకరణాన్ని రెండు ఒకటో ఆర్డర్ ముక్కలుగా విడగొట్టి, వాటి వరస తిప్పి కలపడం) వస్తాయని 2019లో గార్సియా-ఫెరెరో, గోమెస్-ఉయాతే, మిల్సన్ నిరూపించారు.