గడ్డ కట్టని మహానుభావుడికి

క్యాబేజీ వారి చుట్టం, మహారాజశ్రీ కొల్లార్డు ఆకుకూర గారికి,

పర్లాకిమిడి నుంచి మీ పెరటి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, తమరి కుశలం ఏపాటిదో కనుమ నాడు ఎదురింటి ఆవు నోట్లో చూశాను.

నేను పాతపట్నం వెళ్లొచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో, టెక్కలి నుంచి పండక్కి వచ్చిన మా మేనత్త మీ ఆరుగురినీ మోడు చేసి, పసుపు కుంకుమ పెట్టిన ఆవుకి నైవేద్యం పెట్టేసింది. ఇదేంటత్తా అంటే, "మూడు నెల్లయినా గడ్డ కట్టనేదు కదరా. గొడ్డుపోయిన మొక్క, గొడ్డుకి పడేశాను. తప్పేటి?" అంది.

తప్పు ఆవిడది కాదండీ. తమరిది.

దసరా వెళ్లాక గింజలు చల్లిన నాటినుంచి ఈ వీధిలో నన్నెవరూ ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. గడ్డ కట్టిందా అనే అడిగారు. పాలు పోసే అబ్బాయి అడిగాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు అడిగాడు. పక్కింటి ఒడియా మాస్టారైతే ప్రతి ఆదివారం గోడ మీద చేతులు పెట్టుకుని మరీ అడిగేవారు. ఆయనకి ఓపిగ్గా చెప్పాను. "క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ఇదీ ఒకే జాతి మాస్టారూ, బ్రాసికా ఒలరేసియా. అన్నదమ్ములే గానీ ఇది గడ్డ కట్టదు. ఆకులే కోసుకోవాలి." ఆయన అంతా విని, "మా భాషలో క్యాబేజీని బంధాకోబీ అంటాం. ఇది బంధం లేని కోబీ అన్నమాట," అని నవ్వారు. అర్థమైందని సంబరపడ్డాను. మరుసటి ఆదివారం మళ్లీ గోడ మీద చేతులు. "బంధం పడిందా బాబూ?"

పొట్లం మీద 60 రోజుల్లో కోత అని రాశారు. ఆ మాట నమ్మి క్యాలెండర్లో సున్నా చుట్టిన తేదీకి తమరు జానెడున్నారు. అదే పాదులో తోటకూర వేసుంటే ఈపాటికి మూడుసార్లు తినేవాళ్లం. గడ్డకట్టే మంచు తగిలితే ఆకుకి తీపి వస్తుందట. మాకు పొద్దున్నే మహేంద్రతనయ మీద పొగమంచు లేస్తుంది, అంతే. మా ఊళ్లో మంచు కూడా గడ్డ కట్టదు, చూశారా!

ఇక ఆ డైమండ్ మచ్చల రెక్కల పురుగు. 25 వరసల క్యాబేజీకి 2 వరసల ఆవాలు ఎరగా వేయమంటారు. ఆ లెక్కన మీ ఆరుగురికి అర మొక్క ఆవాలు చాలు. అర మొక్క ఎలా వేయాలో ఎవరూ చెప్పలేదు. రాత్రి టార్చి పట్టుకుని ఆకు తిరగేస్తే అడుగున దాని గొంగళి, పచ్చగా, గోరంత. వేలు తగలగానే వెనక్కి మెలికలు తిరిగి, దారం పట్టుకుని కిందకి జారి, నా కళ్ల ముందే ఊయలూగింది. వేపనూనె కొడితే మీ మైనపు ఆకుల మీద చామాకు మీద నీళ్లలా జారిపోయింది. సబ్బునీళ్లు కలిపాకే అంటింది. పేనుబంక సంగతి ఎత్తితే మళ్లీ బీపీ.

అన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది బజారులో చూశాను. క్యాబేజీలమ్మే ఆవిడ పై ఆకులు చింపి ఓ పక్కకి విసురుతోంది, పశువుల కోసం. వంగి చూశాను. అదే రంగు, అదే ఈనె, అదే మందం. నువ్వే! ఆ పోగు ఊరికే వస్తుంది. నీకేమో రెండు తట్టల గత్తం మోశాను, మొక్కకీ మొక్కకీ మూరెడు ఎడం కొలిచి నాటాను, మా ఆవిడతో మాటలు పడ్డాను. ఇంతా చేసి ఊరందరూ ఊరికే పారేసేదాన్ని పెంచానా? ఒక్క గడ్డ, పిడికెడు గడ్డ, చూపించడానికైనా కట్టి చావొచ్చు కదా!

తిన్నప్పుడు బాగానే ఉన్నావు, అది కాదనను. మొదటిసారి తోటకూరలా వేయిస్తే, "నములుతూ ఒక సీరియల్ చూడొచ్చు," అంది మా ఆవిడ. రెండోసారి, భోగి నాడు, పెసరపప్పులో వేసి నాలుగు విజిల్స్ రానిచ్చి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టాం. మా మేనత్త మూడుసార్లు వడ్డించుకుని, "ఏ ఆకురా ఇది? కమ్మగుంది," అంది. పేరు చెప్పాను. "పేరేదైతేనేటిలే," అంది. ఆ ఆకే రెండు రోజులకి ఆవుకి పెట్టింది. ఆ ఆవు కూడా సగం తిని సగం వదిలేసింది, అది వేరే కథ.

ఇవాళ పొద్దున్న బకెట్టుతో పెరట్లోకి వెళ్లాను. నీకోసం కాదు, పక్కన మిరప మొక్కలున్నాయి. ఐదు మోళ్లు ఎండినట్టే ఉన్నాయి. గోడవారనున్న ఆరోదాని నడినెత్తిన చిగురు మిగిలింది, ఎలక చెవంత. మిగిలిన నీళ్లు దాని మొదట్లో పోశాను. అంతలో గోడ మీదకి రెండు చేతులొచ్చాయి.

"బంధం పడిందా బాబూ?"

"పడుతోంది మాస్టారూ. ఇంకో వారం."

నువ్వు వినే ఉంటావు. ఏం చెయ్యను మరి.

ఇట్లు,
మీ పెరటి యజమాని