అంతిమయాత్ర ఆల్ ఇన్ వన్ ప్యాకేజీ గారికి

అయ్యా ప్యాకేజీ గారూ,

చావు కబురు చల్లగా చెప్పడం మా అలవాటు. మీకు మాత్రం అది వేడివేడిగా అందుతుంది. ఐసీయూలో మనిషి పోయిన సంగతి సొంత మేనల్లుడికి ఇంకా తెలియదు, ఈలోగా మార్చురీ గుమ్మం దగ్గర మీ కుర్రాడు విజిటింగ్ కార్డు పట్టుకుని నిలబడి ఉంటాడు. మీ ముందు యమభటులు కూడా దిగదుడుపే.

మీ దగ్గరున్నది ఒకే ఒక్క మంత్రం: "ఆఖరిసారి కదా సార్." ఆ మాటతో మామూలు పాడె డీలక్స్ పాడె అయిపోతుంది, నాలుగు మూరల బంతిపూలు బండెడు అవుతాయి. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లని మా పెద్దలు తిట్టేవారు. మీరు ఏరుకోరు, ఆ పేలాలకే బిల్లు వేస్తారు. వంకాయల దగ్గర గీచి గీచి బేరమాడే మనిషి కూడా మీ ముందు నోరు మెదపడు. ధర అడిగితే నాన్న మీద ప్రేమ లేదనుకుంటారేమోనని భయం. ఆ భయానికే మీరు రేటు కట్టారు.

ఐస్ బాక్సు రాత్రి 11కి దింపుతారు, తెల్లారి 10కి ఎత్తేస్తారు. బిల్లులో మాత్రం రెండు రోజులు. అదేమంటే "డేటు మారింది కదా సార్" అంటారు. తెచ్చినందుకు ఆటో కిరాయి వేరు, మోసినందుకు కూలి వేరు. కరెంటు మాది.

కట్టెలకు తూకం ఉండదు, గుత్త లెక్క. అవేమో పచ్చివి, అంటుకోవు. అందుకని నెయ్యి డబ్బాలు. నెయ్యని మీరంటారు, వాసన మాత్రం డాల్డా అంటుంది. పెద్దకొడుకు నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతుంటే మీవాడు పక్కనే నడుస్తూ "ఇంకో రెండు డబ్బాలు తెప్పించమంటారా?" అని చెవిలో గొణుగుతాడు. హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవాన్ని తెచ్చిన భార్య దగ్గర కూడా కాటిసుంకం వదల్లేదు, నిజమే. కానీ ఆమె ఏడుస్తోంది కదా అని సుంకం పెంచనూ లేదు.

మీ బిల్లు చివర 18 శాతం జీఎస్టీ చూసి ముచ్చటేసింది. దహనం, ఖననం, మార్చురీ, శవాన్ని తీసుకెళ్లడం ఇవేవీ పన్ను పరిధిలోకే రావని కేంద్ర జీఎస్టీ చట్టం మూడో షెడ్యూల్ చెబుతోంది. 2022లో చావుకీ జీఎస్టీ అంటూ వాట్సాప్‌లో గోల లేస్తే, ఆ 18 శాతం శ్మశానాలు కట్టే కాంట్రాక్టు పనులకేనని కేంద్రం వివరణ ఇచ్చింది. మరి మీరు వసూలు చేసేది ఏ ఖజానాకు పోతోంది? చిత్రగుప్తుడికా?

ఇక మీ తమ్ముడు అంబులెన్స్ గారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో ఒక తండ్రి, ఆసుపత్రి లోపలి బండ్లవాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, బయటి బండిని వాళ్లు రానివ్వక, కొడుకు మృతదేహాన్ని బైకు మీద సుమారు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. దీని మీద వెటకారం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆంధ్రాలో ప్రభుత్వాసుపత్రుల నుంచి ఉచితంగా తీసుకెళ్లడానికి మహాప్రస్థానం వాహనాలున్నాయని మీరెలాగూ చెప్పరు. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉందనీ చెప్పరు. డెత్ సర్టిఫికెట్‌కు మాత్రం "అర్జెంటు చార్జీ" అంటారు. 21 రోజుల్లోపు తెలియజేస్తే ఆలస్య రుసుమే లేదు. ఆసుపత్రిలో పోతే రిజిస్ట్రార్‌కు కబురు పంపాల్సిన బాధ్యత కూడా ఆసుపత్రిదే. ఇందులో అర్జెంటు ఎవరికో!

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మా ఇంట్లో చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఇకమీదట ఎవరు పోయినా మీతో మాట్లాడేది కొడుకులూ కూతుళ్లూ కాదు, మా రెండో బాబాయి. పెళ్లిళ్లలో ఎంగిలి విస్తళ్లు లెక్కపెట్టి క్యాటరింగ్ వాళ్లకు డబ్బులిచ్చే మనిషి. కనీసం ముగ్గురికి ఫోన్ చేసి రేట్లు కనుక్కుంటాడు. ఐస్ బాక్సుకు గంటల లెక్క, కట్టెలకు తూకం, అడ్వాన్సుకు రసీదు అడుగుతాడు. ప్రతి వస్తువు ధరా విడివిడిగా కాగితం మీద పడందే మీ బండిని వీధిలోకి రానివ్వడు. ఆయన దగ్గర మీ మంత్రం వేసి చూడండి.

"పోయినాయనకి ఆఖరిసారి. నువ్వు రేపు ఇంకో ఇంటికి పోతావుగా, రేటు చెప్పు" అంటాడు.

ఇట్లు,
తొందరేమీ లేని మీ కాబోయే కస్టమరు