వెలుగు ఆకారం ఉంచి, కొలత పారేసిన బొమ్మలు

కొత్త అపార్ట్‌మెంటు బ్రోచరు ఏది తెరిచినా హాలు గోడ మీద విసనకర్రల వరుసలా పరుచుకున్న పసుపు వెలుగు కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో గోడ పక్కనే బిగించిన డౌన్‌లైటు అలాగే పడుతుంది కాబట్టి బొమ్మ నిజమేననిపిస్తుంది. కట్టబోయే గదిని కంప్యూటర్‌లో బొమ్మగా మలిచే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆకారాన్ని అందించేది సాధారణంగా ఐఈఎస్ ఫైలు, అంటే ఒక దీపం ఏ వైపు ఎంత వెలుగు వేస్తుందో చెప్పే ఫైలు. ప్రయోగశాలలో కొలిచిన సమాచారాన్ని తీసుకుని, అందులోని కొలతను వదిలేసి ఆకారాన్ని మాత్రమే అలంకారంగా వాడుకోవడం ఈ రంగంలో అలవాటుగా మారింది. నా అభ్యంతరమంతా ఈ అలవాటు మీదనే.

ఈ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే బొమ్మేమీ ఉండదు. పైన ప్రమాణం పేరు, తయారీదారు, దీపం రకం, వాటి కింద వరుసలుగా అంకెలు కనిపిస్తాయి. దీపాన్ని గోనియోఫోటోమీటర్ అనే యంత్రానికి బిగించి, ఏ కోణంలో ఎంత కాంతి తీవ్రత ఉందో కాండెలాల్లో కొలిచి రాసిన పట్టిక ఇది. అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజినీరింగ్ సొసైటీ 1986లో ఎల్‌ఎం-63 పేరుతో దీన్ని ప్రమాణంగా తెచ్చింది. ఎల్‌ఈడీ దీపాల ఫైళ్లలో ల్యూమెన్లు, అంటే దీపం ఇచ్చే మొత్తం వెలుగు, ఉండవలసిన చోట తరచూ -1 అని కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు, కింది కాండెలాలు ఆ దీపాన్ని నేరుగా కొలిచి రాసిన అంకెలని దాని అర్థం. ఇంత కచ్చితంగా చెబుతున్న పత్రం నుంచి మనవాళ్లు తీసుకునేది గోడ మీది విసనకర్ర ఒక్కటే.

పారేసిన అంకె విలువ ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. రెండు డౌన్‌లైట్లు ఉన్నాయనుకుందాం. రెండూ 1000 ల్యూమెన్లవే, కానీ ఒకటి వెడల్పుగా, మరొకటి సన్నగా వెలుగు వేస్తుంది. మొదటిదాని నడిమి తీవ్రత 900 కాండెలాలు, రెండోదానిది 3600 అయితే, 2 మీటర్ల కింద ఉన్న భోజనాల బల్ల నడుమ మొదటిది 225 లక్స్, రెండోది 900 లక్స్ ఇస్తాయి (బల్ల మీద పడే వెలుగుకు కొలమానం లక్స్). తీవ్రతను దూరపు వర్గంతో భాగించడమే ఇక్కడి సూత్రం, పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. డబ్బా మీది వాట్లు, ల్యూమెన్లు చూసి కొన్నవారికి ఈ నాలుగు రెట్ల తేడా కనిపించదు, ఐఈఎస్ ఫైలులో మాత్రం అది తేటతెల్లంగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ ఈ అంకెను చదవలేక వదిలేస్తోందా అంటే అదీ కాదు. వీ-రే, త్రీడీఎస్ మ్యాక్స్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లు చాలాకాలంగా చదువుతున్నాయి, ఉచితంగా దొరికే బ్లెండర్ కూడా 2019లో వచ్చిన 2.80 వెర్షన్ నుంచి ఈ ఫైళ్లను తీసుకుంటోంది. అన్‌రియల్ ఇంజిన్‌లోనైతే ఫైలులోని తీవ్రతను వాడాలా, ఆకారం చాలా అని విడిగా ఒక ఎంపికే ఉంది. ఇంటర్నెట్‌లో కట్టలుగా దొరికే ఐఈఎస్ ఫైళ్లలోంచి అందంగా పడేదాన్ని ఏరుకుని, తీవ్రతను చేత్తో పెంచి, ఆపైన కెమెరా ఎక్స్‌పోజరును, అంటే బొమ్మలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నదాన్ని, కంటికి ఇంపుగా సర్దితే, నిజానికి 60 లక్స్ దాటని గది కూడా పెళ్లి మండపంలా వెలిగిపోతుంది.

రెండరింగ్ కళాకారులు దీనికి చెప్పే సమాధానం కొట్టిపారేయదగినది కాదు. తాము చేసేది వాతావరణాన్ని సృష్టించే చిత్రమే కానీ ఇంజినీరింగు లెక్క కాదంటారు. ఐఈఎస్ ఫైలులో కాంతి రంగు సమాచారం ఉండదనీ, దీపాన్ని ఒక బిందువుగానే చూస్తుంది కాబట్టి పొడవాటి ట్యూబులైటుకు మరీ దగ్గరగా ఉన్న గోడ మీద లెక్క తప్పుతుందనీ వారు చెప్పేది నిజమే. అయితే కొలతకు హద్దులున్నాయన్నంత మాత్రాన అసలు కొలతే వద్దనడం, తక్కెడ పది గ్రాములు అటూ ఇటూ చూపుతోందని చేతి అంచనాతో బంగారం తూచడం లాంటిది.

పైగా బ్రోచరులోని బొమ్మ గోడకు తగిలించుకునే కళాఖండం కాదు, దాన్ని చూసి కుటుంబాలు ఇరవై ఏళ్ల అప్పుకు సంతకాలు చేస్తున్నాయి. ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకు తెచ్చిన 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 12 ప్రకారం, ప్రకటనలోని సమాచారాన్నో నమూనా ఫ్లాటునో నమ్మి డబ్బు కట్టినవారు అందులోని తప్పుడు వివరం వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి, వారు ప్రాజెక్టు నుంచి తప్పుకోదలిస్తే సొమ్మును వడ్డీతో తిరిగివ్వాలి. కానీ అబద్ధమని నిరూపించడానికి ముందు అక్కడ ఒక వివరమంటూ ఉండాలి కదా! విస్తీర్ణం తగ్గితే టేపు పెట్టి కొలవచ్చు. ఏ దీపమో, ఎన్ని కాండెలాలో, ఎంత ఎక్స్‌పోజరో రాసిపెట్టని వెలుగును ఏ టేపుతో కొలుస్తాం? బొమ్మ మూలలో చీమ తలకాయంత అక్షరాలతో ఉండే 'ఇది ఊహాచిత్రం మాత్రమే' అన్న వాక్యానికి ఇంత బలం రావడానికి కారణం ఈ ఖాళీయే.

మన నగరాల్లో చాలా ఫ్లాట్లను వైరింగు పాయింట్లతోనే అప్పగిస్తారు, ఫాల్స్ సీలింగూ డౌన్‌లైట్లూ కొనుక్కున్నవారి ఖర్చే. దీపాలు అమ్మకంలో లేవు కాబట్టి తమకు సంబంధం లేదని బిల్డర్లు అనవచ్చు, మరి అమ్మని దీపాలను అమ్మే బొమ్మలో ఎందుకు వెలిగించినట్టు? ప్రాజెక్టు నమోదు కోసం ప్లాన్లు అప్‌లోడ్ చేసే రెరా వెబ్‌సైటులోనే, బ్రోచరు బొమ్మల్లో వాడిన ఐఈఎస్ ఫైళ్లనూ ఎక్స్‌పోజరు వివరాలనూ పెట్టమని నిబంధన తేవాలి. ఆ ఫైళ్లు ఒక్కొక్కటి సాధారణంగా కొన్ని కిలోబైట్లకు మించవు. అవి చేతిలో ఉంటే, దీపాల వెలుగును లెక్కగట్టే, ఉచితంగా దొరికే డైలక్స్ సాఫ్ట్‌వేర్‌తో కాస్త పరిచయం ఉన్న ఎవరైనా అదే హాలును మళ్లీ వెలిగించి, సోఫా దగ్గర ఎన్ని లక్స్ వస్తుందో అడ్వాన్సు కట్టకముందే చూసుకోవచ్చు.