ఓకే అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా?

ఇంగ్లీషులో ‘ఓకే’ అంత గోడ మీద పిల్లిలాంటి మాట ఇంకోటి లేదు. కిందపడ్డవాళ్లు ‘ఐయామ్ ఓకే’ అంటే క్షేమమే. సినిమా ‘ఓకే’ అంటే అంతంత మాత్రం. పైవాళ్లు ఓకే చేశారంటే అనుమతి దొరికినట్టు. చాట్‌లో ఒట్టి ‘కె’ వచ్చిందంటే అవతలివాళ్లకి కోపం వచ్చిందేమోనని టెన్షన్.

పుట్టుకే సరదాగా పుట్టింది. ‘ఆల్ కరెక్ట్’ని కావాలని తప్పుగా ‘ఓల్ కొర్రెక్ట్’ అని, దాన్ని ‘ఓ.కె.’గా కుదించి 1839 మార్చి 23న అమెరికా పత్రిక బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చేశారు. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్ మద్దతుదారులు, ఆయన సొంతూరి పేరుతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట మాత్రం నిలిచిపోయింది.

కబుర్లలో ఎలా వాడినా నాకు అభ్యంతరం లేదు. పని దగ్గరే నా గొడవంతా. ‘ఫైలు సాయంత్రానికి కావాలి’ అని మెసేజ్ పెడితే ‘ఓకే’ అని వస్తుంది. సాయంత్రం అడిగితే ‘చూశానన్నాను, ఇస్తానన్నానా?’ అంటారు. ఒళ్లు మండిపోతుంది.

ఇది చిన్న విషయం కాదు. 1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫ్ దీవిలో విమానాశ్రయం, దట్టమైన పొగమంచు. నెదర్లాండ్స్ సంస్థ కేఎల్‌ఎం విమానం కో-పైలట్ ‘టేకాఫ్‌లో ఉన్నాం’ అనే అర్థం వచ్చేలా చెప్పాడు. విమానాలకు అనుమతులిచ్చే కంట్రోలర్ ‘ఓకే’ అన్నాడు. క్షణం ఆగి, ‘టేకాఫ్‌కి ఆగండి, నేను పిలుస్తాను’ అన్నాడు. సరిగ్గా అప్పుడే, ఇంకా రన్‌వే మీదే ఉన్న పాన్ యామ్ విమానం కూడా మాట్లాడటంతో రెండు మాటలూ కలిసి కీచుమన్నాయి. కేఎల్‌ఎం వాళ్లకు స్పష్టంగా వినబడింది ‘ఓకే’ ఒక్కటే. అప్పటికే కదిలిన వాళ్ల విమానం ఆగలేదు, వెళ్లి పాన్ యామ్ విమానాన్ని ఢీకొట్టింది. 583 మంది చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి, తప్పంతా ఆ రెండక్షరాలదే అనను. కానీ ‘విన్నాను’ అన్న మాట ‘కానివ్వండి’లా వినబడే ప్రమాదం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

విమానాల రేడియోలో ‘రోజర్’ అంటే మీరు చెప్పింది అందిందని మాత్రమే. ‘విల్కో’ అంటే అర్థమైంది, అలాగే చేస్తానని. ఆ ప్రమాదం తర్వాత నిబంధనలు ఇంకా బిగించారు. అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప ‘టేకాఫ్’ అనే మాటే వాడకూడదు. ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చెప్పి వినిపించాలి.

మనకంత క్రమశిక్షణ అక్కర్లేదు. ‘చూశాను’, ‘ఆరింటికి పంపిస్తాను’, ‘నాకు కుదరదు’, వీటిలో ఏదో ఒకటి రాయడానికి పట్టే సమయం ఎంతని? ఇంట్లో పెద్దవాళ్లకు మందులు వివరించేవాళ్లకి నాదొక విన్నపం: ‘ఓకేనా?’ అని అడిగి వదిలేయకండి. ‘రాత్రి ఏ మాత్ర వేసుకుంటారు?’ అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించండి.