ముఖ్య అతిథి లేని డాన్సు: ఒక తీవ్ర ఖండన

ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో శని, ఆదివారాలు వచ్చాయంటే చాలు, ఒక ఘోరం జరుగుతోంది. బాధ్యత గల పెద్దమనుషులు, అంటే ఇంటి లోను ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, మనవలున్నవాళ్లు కూడా, డబ్బు కట్టి మరీ ఊరి కమ్యూనిటీ హాల్లో చేరుతున్నారు. శనివారం బల్గేరియా జానపద నృత్యం, ఆదివారం ఆ బ్రిటనీవాళ్లదే అయిన బ్రెటన్ జానపద నృత్యం. నేర్చుకుని ఏం చేస్తారయ్యా అంటే, సాయంత్రం మళ్లీ అవే డాన్సులు చేస్తారట. తెలుగువాడిగా పుట్టి, ఇక్కడికొచ్చి స్థిరపడి, మనవాళ్ల ఉగాది సంబరాలు ఎన్నో చూసినవాడిగా దీన్ని ఖండించకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు స్టేజీ సంగతి. ఉంది. హాల్లో ఒక మూల శుభ్రమైన స్టేజీ ఉంది, దాని మీద అందరి కోట్లూ బ్యాగులూ మంచినీళ్ల సీసాలూ పడేసి ఉన్నాయి, డాన్సు మాత్రం కింద నేల మీద. ముఖ్య అతిథి లేడు. ఆయన వచ్చేదాకా గంటన్నర ఎదురుచూసే భాగ్యం కూడా లేదు, పదింటికి అన్నారు, పదింటికే మొదలుపెట్టేశారు. జ్యోతి ప్రజ్వలన లేదు. వేదికను అలంకరించవలసిందిగా ఎవరినీ పిలవలేదు, పిలిచినా కోట్ల మధ్య కూర్చోవాలి. పైగా వీళ్లు నిలబడే తీరు చూడండి: చేతులు పట్టుకుని గుండ్రంగా, మొహాలన్నీ లోపలికి. బయట నిలబడి వీడియో తీసేవాడికి దొరికేది వరసగా వీపులు. మా అమ్మాయిని ముందు వరసలో ఎందుకు పెట్టలేదని కమిటీతో గొడవపడే తల్లిదండ్రులు ఇక్కడికొస్తే పాపం ఏం చేస్తారు, పోరాడ్డానికి ముందు వరసే లేదు!

బల్గేరియాలో ఒకప్పుడు ఈ లోపాన్ని సరిదిద్దిన ప్రభుత్వం ఉండేది. 1951లో అక్కడి కమ్యూనిస్టు సర్కారు ఫిలిప్ కుతెవ్ అనే స్వరకర్త ఆధ్వర్యంలో ఒక ప్రభుత్వ జానపద బృందాన్ని పెట్టింది. ఊరి కూడలిలో పండగపూట జనం తమకోసం తాము ఆడుకునే హోరో డాన్సులు, శిక్షణ పొందిన కళాకారులతో, మెరిసే దుస్తుల్లో, ప్రేక్షకుల వైపు మొహం పెట్టి స్టేజీ ఎక్కాయి. అదీ అభివృద్ధి అంటే. బ్రిటనీలో కూడా సెర్కిల్ సెల్టిక్ అనే బృందాలున్నాయి, వాటికి కాస్ట్యూములు, పోటీలు, మార్కులు అన్నీ ఉన్నాయి. ఇంత మంచి దారి కళ్లముందుండగా ఈ వర్క్‌షాపు జనం మళ్లీ ఆ పాత కూడలి పద్ధతికే ఎందుకు పోతున్నారో నాకైతే అంతుబట్టలేదు.

ఇక లెక్కలు. బల్గేరియావాళ్లకి రెండూ నాలుగూ సరిపోలేదు. పైదుష్కో అనే డాన్సుకి ఐదు మాత్రలు, రచెనిత్సాకి ఏడు, దైచోవోకి తొమ్మిది, కోపనిత్సాకి పదకొండు. సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి చెప్పాలంటే పైదుష్కో మన ఖండచాపులాంటిదే, తక తకిట. రచెనిత్సా మిశ్రచాపుకి దాయాది: మనం మూడుని ముందు పెట్టి తకిట తకధిమి అంటాం, వాళ్లు తక తక తకిట అని చివరికి తోస్తారు. కోపనిత్సాలో ఆ మూడు సరిగ్గా మధ్యలో ఇరుక్కుంటుంది, తక తక తకిట తక తక. మనమైతే దీన్ని మర్యాదగా కూర్చుని తొడ మీద వేసుకుంటాం. అక్కడి రైతులు గైడా అనే మేకతోలు తిత్తి మోగుతుంటే, తపాన్ అనే పెద్ద డోలు దరువుకి, కాళ్లతో వేసేవాళ్లు, అదీ మనం అంకెలు పలికే లోపే. హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ అంతటివాడు ఈ లయల మీద పియానో ముక్కలు రాశాడు గానీ, ఆయన కూడా కూర్చునే కదా వాయించుకున్నాడు.

నేను చూసిన వరసలో లెక్కల మాస్టారుగా రిటైరైన ఒకాయన ఉన్నారు. అప్పుడు వేస్తున్నది బల్గేరియా రాజధాని సోఫియా చుట్టుపక్కల ఉన్న షోప్ ప్రాంతపు పద్ధతి: అడుగులు చిన్నవి, వేగం ఎక్కువ, పక్కవాళ్ల బెల్టు పట్టుకుని ఆడతారు. ఈయన పెదాలు కదుపుతూ పదకొండుదాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వచ్చేసరికి వరస రెండడుగులు ముందుకెళ్లిపోయింది, ఆ కుదుపు బెల్టు నుంచి బెల్టుకి పాకి, చివర్లో ఉన్నావిడ కుర్చీల మీద పడబోయి తమాయించుకుంది, మాస్టారు మాత్రం ఒక చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఎవరూ ఎవరినీ కసురుకోలేదు. మా చిన్నప్పటి డాన్సు మాస్టారైతే ఈపాటికి చేతిలో కర్ర గాల్లో ఉండేది. క్రమశిక్షణ లేని చోట కళ ఎలా బతుకుతుందండీ?

అసలు ప్రమాదం ఆదివారం పొద్దున. బల్గేరియా హోరోలు ఎక్కువగా కుడివైపుకి సాగుతాయి. బ్రెటన్ డాన్సులు ఎడమవైపుకి. శనివారం రోజంతా కుడికి తోలిన కాళ్లని రాత్రి తెల్లారేసరికి ఎడమకి తిరగమంటే ఏమవుతుంది? సగం మంది ఇటు, సగం మంది అటు, మధ్యలో ఒక దంపతులు ఎదురెదురుగా గుద్దుకుని, అప్పుడే పరిచయమైనట్టు ఒకరినొకరు చూసుకున్నారు. రాత్రికి రాత్రి కుడి నుంచి ఎడమకి మారడం మన ఎమ్మెల్యేలకైతే మంచినీళ్ల ప్రాయం, సామాన్యులకి ఎలా కుదురుతుంది?

బ్రెటన్ పూటలో ఇంకో వింత. వాన్ ప్రాంతపు ఆన్ ద్రో అనే డాన్సులో చేతులు కూడా పట్టుకోరు, చిటికెన వేళ్లు కొక్కేల్లా తగిలించుకుని చేతులు గుండ్రంగా ఊపుతూ నడుస్తారు. నలభై మంది ఒకరికొకరు వేలాడేది చిటికెన వేలి మీద! వెనకటికి కొత్త ఇల్లు కట్టుకున్న రైతు, మట్టినేల గట్టిపడాలని ఇరుగుపొరుగుని పిలిచి ఇలా తొక్కించేవాడని చెబుతారు. తిండీ పానీయం పెడితే సరి, నేల తయారు. మన కాంట్రాక్టరు అయితే డాన్సుకి ఒక బిల్లు, రోడ్డు రోలరుకి ఒక బిల్లు పెట్టి, నేల మాత్రం గుల్లగా వదిలేసేవాడు. ఆ చాకచక్యం వీళ్లకి లేదు.

పాట తీరు ఇంకా దారుణం. కాన్ హ దిస్కాన్ అంటారు, ఇద్దరు గాయకులు. మొదటాయన చరణం చివరికి రాగానే ఆ ఆఖరి మాటల్ని రెండో ఆయన కూడా అందుకుని, అదే చరణాన్ని మళ్లీ పాడతాడు, దాని తోకని మొదటాయన అందుకుంటాడు. ఎక్కడా ఖాళీ ఉండదు. ఖాళీ లేదు కాబట్టి చప్పట్లకి చోటు లేదు, చప్పట్లు లేవు కాబట్టి మధ్యలో ఆపి "ఇప్పుడు గాయకులకు శాలువాతో సత్కారం" అనే అవకాశం అసలే లేదు. నేలని దిట్టంగా తొక్కే ప్లిన్ అనే డాన్సులో ఒకే అడుగు ఎంతసేపు వేస్తారంటే, బయటికెళ్లి సైడర్ అనే ఆపిల్ మద్యం తాగి వచ్చినా అదే అడుగు దగ్గర ఉంటారు.

ఇదంతా తరతరాలుగా ఆగకుండా వస్తోందనుకునేరు. కలిసి చేసుకున్న పొలం పనులయ్యాక రాత్రిపూట జరిగే ఈ బ్రెటన్ డాన్సుల సంబరం, ఫెస్ట్ నోజ్ అంటారు, ఇరవయ్యో శతాబ్దం నడిమికి దాదాపు అంతరించింది, లోయిజ్ రోపార్ లాంటివాళ్లు 1950ల్లో హాళ్లలోకి తెచ్చి మళ్లీ లేపారు. 2012లో యునెస్కో జాబితాకి కూడా ఎక్కింది. యునెస్కో! అయినా ఆ హాలు బయట ఒక్క ఫ్లెక్సీ లేదు, మన కాలనీ వినాయకుడికే ఆరు ఫ్లెక్సీలు కడతాం.

నాయకత్వం విషయంలో బల్గేరియావాళ్లు కొంత నయం. వరసకి కుడి చివర ఒకరు చేతిరుమాలు ఊపుతూ నడిపిస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు ఆయన ముందు దూరకూడదు, తోక దగ్గర కలవాలి. సంతోషం. కానీ కలోఫెర్ అనే ఊళ్లో చూడండి: జనవరి 6న మగవాళ్లంతా గడ్డకట్టే తుంజా నదిలోకి దిగి హోరో ఆడతారు, ఊరి మేయరే ముందు దిగిన సందర్భాలున్నాయి. మేయరు ఒడ్డున టెంటు కింద సోఫాలో ఉండాలి, నీళ్లలో దిగేది కార్యకర్తలు. ఇంత చిన్న విషయం అక్కడ ఎవరూ చెప్పలేదా?

చూస్తూ ఊరుకోలేక నిర్వాహకులకి ఒక వినతిపత్రం పంపాను. వచ్చే వర్క్‌షాపుకి ముఖ్య అతిథి ఒకరు, గౌరవ అతిథులు కనీసం ముగ్గురు, స్వాగతోపన్యాసం, పాల్గొన్న అందరికీ మెమెంటో, కోపనిత్సా తప్పకుండా వేసినవాళ్లకి ప్రత్యేక బహుమతి, మొదటి శాలువా నా ఖర్చుతో. మర్నాడే జవాబు వచ్చింది. చదునైన అడుగున్న బూట్లు వేసుకోమన్నారు, పదిమందికి సరిపడా ఏదైనా వంటకం తెమ్మన్నారు, వరసలో తోక దగ్గర నిలబడమన్నారు. శాలువా మంచి ఆలోచనేనట, హాల్లో హీటరు సరిగ్గా పనిచేయడం లేదు కాబట్టి కప్పుకోవడానికి తెచ్చుకోవచ్చన్నారు.