ఇమ్యూనిటీపై విచారణ జరిపించాల్సిందే

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర టీ తాగేవాళ్లు ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం ఒక్కటే ఉంది: మన ఒంట్లో ఇమ్యూనిటీ డ్యూటీ సరిగ్గా చేయడం లేదు. పోయిన చలికాలం ఫ్లూ వచ్చి పోయింది. ఈ చలికాలం మళ్లీ వచ్చింది. నిరుడు చూసిన మొహాన్నే గుర్తుపట్టని ఉద్యోగికి జీతం ఎందుకని ప్రజలు అడుగుతున్నారు.

విచారణ అన్నాక అవతలి వాదన కూడా వినాలి కదా, విన్నాం. ఫ్లూ వైరస్ తన జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏకి నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దుకోదట. ఆ తప్పుల్లో చాలావరకు దానికే చేటు. కొన్నింటివల్ల మాత్రం పైనుండే హీమాగ్లుటినిన్ ప్రొటీన్ ఆకారం మారి, వైరస్‌ను పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న పాత యాంటీబాడీలకు పట్టు దొరకదు. తట్టు వైరస్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని పై ప్రొటీన్ మారితే కణంలోకి పోయే దారే చెడుతుంది. అందుకే తట్టు ఒకసారి వస్తే మళ్లీ రావడం చాలా అరుదు. ఆ మంచిపని సర్వీసు రికార్డులో ఎవరూ రాయలేదు.

ఇంకో సంగతి బయటపడింది. కొత్త వైరస్ వస్తే లింఫ్ గ్రంథుల్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు తమ యాంటీబాడీ జన్యువులను తామే మార్చుకుంటాయి. వైరస్‌ను గట్టిగా పట్టినవి పాస్, పట్టలేనివి చావాల్సిందే. సప్లిమెంటరీ లేదు, రీకౌంటింగ్ లేదు, పేపర్ లీక్ అసలే లేదు. తెలంగాణలో ఇలాంటి పరీక్ష నడుస్తోందంటే కమిటీలో ఎవరూ నమ్మలేదు.

2021 నవంబర్‌లో బయటపడ్డ కరోనా రకం ఒమిక్రాన్, తన పైనుండే స్పైక్ ప్రొటీన్‌లో 30కి పైగా మార్పులతో వచ్చింది. యాంటీబాడీలు చాలావరకు తడబడ్డాయి. వైరస్ సోకిన కణాలను పట్టే టి కణాలు అంతగా తడబడలేదు, అవి చూసే వైరస్ ముక్కల్లో ఎక్కువభాగం మారలేదు మరి. అయినా మన అర్జీలో ఇమ్యూనిటీ పని చేయట్లేదని ఒక ఫిర్యాదు, జ్వరం వచ్చిందని ఇంకో ఫిర్యాదు. ఆ జ్వరం దాని పనేనని డాక్టర్ చెబితే, ఆయన్నూ విచారించాలన్నారు. కాస్త చురుగ్గా కదులుతుందని అంగట్లో దొరికే పొడి, కషాయం లంచంగా పంపాం. ముట్టినట్టు రసీదు రాలేదు.

ఏ ఫ్లూ రకాలకు టీకా చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు కూర్చొని చెబుతుంది. క్లాక్ టవర్ నుంచి ఇంతవరకు ఒక్కరినీ పిలవలేదు. దీన్ని ఖండిస్తూ తీర్మానం చేశాం. అరవై దాటిన మా అధ్యక్షుడు సంతకం పెట్టి, అటునుంచి అటే ఈ ఏటి ఫ్లూ సూది వేయించుకోవడానికి పోయాడు.